కట్టేసిన గవర్నర్

హైదరాబాద్ దగ్గరి కొత్వాల్‌గూడకు చెందిన ఘియాసుద్దీన్ ఇరవై రెండేళ్లు కృష్ణ ఒడ్డున ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రంలో మెకానిక్‌గా పనిచేశాడు. వారానికి ఒకరోజు ఇంటికి వచ్చేవాడు. టర్బైన్ గవర్నర్‌ను చూసుకునేది ఆయనే. కరెంటు వాడకం ఒక్కసారిగా పెరిగితే టర్బైన్ వేగం తగ్గుతుంది. అది పసిగట్టి, నీళ్లు ఇంకాస్త వదిలి, వేగాన్ని నిలబెట్టేదే గవర్నర్.

ఆ వానాకాలం అది కుదురుగా లేదు. నీటి తలుపులు తెరిచేది, మూసేది, మళ్లీ తెరిచేది. విడిభాగాలకు నెల పడుతుందన్నారు.

"కట్టేయి, ఘియాస్ భాయ్. నీళ్లు ఒక్క తీరుగ పోనీ," అన్నాడు ఇంజనీరు వీరేందర్.

"కట్టేస్తే గ్రిడ్డు కుంగినప్పుడు మన మిషన్ సాయానికి రాదు సార్."

"మనదెంత మిషన్? మనం ఒక్కళ్లం ఆపుతమా గ్రిడ్డును?"

గవర్నర్ కదలకుండా ఘియాసుద్దీన్ మర బిగించాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఎక్కడో పెద్ద లైను తెగింది. గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ చూపే ముల్లు యాభై నుంచి కిందికి జారడం చూసి ఆయన మర విప్పడానికి పరిగెత్తాడు. సగం తిప్పేలోపే మిషన్లు ఆగిపోయాయి. హైదరాబాద్ దాకా కరెంటు పోయింది.

ఇంట్లో ఆయన భార్య మున్నీ ఊపిరితిత్తుల జబ్బుతో ఆక్సిజన్ మిషన్ మీద ఉంది. కూతురు తస్నీమ్ సిలిండర్ తగిలించింది. అది గంటన్నరే వచ్చింది. ఆటోలో శంషాబాద్ దవాఖానకు తీసుకుపోతుంటే మున్నీ దారిలోనే కన్నుమూసింది.

జనాజాకు వచ్చినవాళ్లంతా నసీబు అన్నారు. వీరేందర్ కూడా వచ్చాడు.

"వేరే కేంద్రాలల్ల గూడ గవర్నర్లు కట్టేసే ఉన్నయంట భాయ్. మీరు మనసుల పెట్టుకోకుండ్రి."

ఓదార్పుగా అన్న ఆ మాటే ఆయనను నిద్రపోనివ్వలేదు. అన్నిచోట్లా ఎవరో ఒకరు, మనదెంత మిషన్ అనుకునే మర బిగించి ఉంటారు.

నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక తస్నీమ్‌ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"గవర్నర్‌ను కట్టేసింది నేనే, బేటా."



"విప్పి ఉంటే అమ్మీ బతికేదా?"

"తెల్వదు. మాది ఒక్కటే విప్పి ఉంటే గ్రిడ్డు నిలబడకపోతుండె."

"మరి నాకెందుకు చెప్పినవ్ అబ్బా?"

 తస్నీమ్ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

విడిభాగాలు వచ్చాక గవర్నర్‌ను తానే బాగుచేసి, వారం రోజులు నడిపించి చూసి, ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు ఇంటికి దగ్గర్లోని మామిడిపల్లిలో జనరేటర్లు రిపేరు చేస్తున్నాడు. తస్నీమ్ వేళకు అన్నం పెడుతుంది, బీపీ గోలీ చేతికిస్తుంది. మున్నీ పేరు మాత్రం ఇద్దరూ ఎత్తరు.