మా తాత జీవిత చరిత్రలో పనసకాయ

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేమీ కాదు, కాశీబుగ్గలో ఒక డీటీపీ షాపులో నేను ఆపరేటరు ఉద్యోగం వెలగబెడుతున్న రోజుల్లో, ఒక మహాపురుషుడి జీవిత చరిత్ర రాశాను. అందులో సముద్రం ఉంది, అగ్ని ఉంది, పదకొండు రోజుల ఘోరమైన మౌనయుద్ధం ఉంది, దేవుడికీ బావమరిదికీ మధ్య నలిగిపోయిన ఒక గృహస్థు ఉన్నాడు. మహాకావ్యానికి కావలసిన సరుకంతా ఉంది కాబట్టి పాఠకులు కాస్త కుదురుగా కూర్చోవలసిందని మనవి. (కూర్చున్నారా? అయితే ఇప్పుడు నిజం చెప్పేస్తాను. సముద్రం అక్కుపల్లి దగ్గర నడుంలోతుది. అగ్ని జీడిపిక్కలు వేయించే బట్టీది. గృహస్థు మా తాత. కావ్యం మొత్తం ఒక ఎ-ఫోర్ కాగితం, అదీ ఒకవైపే. గొడవంతా అందులో పన్నెండో వాక్యం గురించి.)

మా బాప్టిస్టు సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే (మావాళ్లు చనిపోరు, నిద్రిస్తారు) సమాధి చేసే ముందు ఆ మనిషి జీవిత చరిత్రను ఒక పేజీలో రాసి, శవపెట్టె పక్కన నిలబడి అందరికీ వినబడేలా చదువుతారు. చుట్టుపక్కల సంఘాల పేజీలన్నీ మా షాపులోనే టైపయ్యేవి. పది పేజీలు కొట్టేసరికి నాకో సత్యం బోధపడింది. మనుషులు ఎన్ని రకాలుగా బతికినా పెట్టెలోకి వచ్చేసరికి అందరిదీ ఒకటే కథ. భక్తిగల కుటుంబంలో పుట్టారు, రక్షణ పొందారు, ఆదర్శ జీవితం గడిపారు, నిద్రించారు. అందుకని ఒక ఫైలు తయారుగా పెట్టుకున్నాను. పేరు, ఊరు, పిల్లల సంఖ్య మారిస్తే చాలు, పావుగంటలో ప్రింటు. నా తెలివికి నేనే ముచ్చటపడుతూ ఉండగా మా ఊళ్లో పోస్టుమేన్ తాత నిద్రించాడు. ఆయన జన్మంతా పెళ్లి చేసుకోని మనిషి. నేను పేరు మార్చాను, ఊరు మార్చాను, మూడోది మరిచాను. పాస్టరు గారు పెట్టె పక్కన నిలబడి, కంఠం గద్గదమవుతుండగా, "నలుగురు కుమార్తెలను ప్రభువు భయమందు పెంచి, వివాహములు చేసి" అని చదివారు. సంఘమంతా ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ నలుగురి కోసం చూసింది. కొందరు ఆడవాళ్లు ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ముందు వరసలో సంఘ పెద్దగా కూర్చున్న మా తాత మాత్రం వెనక్కి తిరగలేదు. నా వైపు చూశాడు. ఆ సోమవారమే పూండిలో రైలెక్కి పలాసలో దిగి, పక్కనే ఉన్న కాశీబుగ్గ వచ్చి, గొడుగు ముడిచి, మా షాపులో కస్టమర్ల కుర్చీలో కూర్చున్నాడు.

"ఒరే, నాది కూడా టైపు సేసీ."

"ఏటి తాతా, ఆధార్ కార్డా?"

"నా జీవిత సరిత్ర."

"నువ్వింకా ఉన్నావు కదా!"

"ఉన్నప్పుడే ప్రూఫు సూసుకోవాల. పోనాక తప్పులు దిద్దడానికి నాను లెగిసి వత్తానేటి? వత్తాన్లే, గానీ అది ఆకరి దినాన. అప్పటికి నీ షాపు తెరిసుంటాదో లేదో."

మా ఓనరు అన్న టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ ముందు వారమే తాత రక్త పరీక్ష కాగితం నేనే తెచ్చాను. మా ఉద్దానంలో ఇంటికో కిడ్నీ రోగి, అందుకని ఎదురుపడితే "బాగున్నావా" అనరు, "క్రియాటినిన్ ఎంతొచ్చింది" అంటారు. తాత అంకె బాగా పెరిగింది. ఆ సంగతి ఆయనా దాచలేదు. "నాకు టైము తక్కువున్నాది, నీ టైపింగు సూత్తే నిదానం, కానీ మరి" అన్నాడు, బస్సుకి తొందరపెట్టినట్టు.

నేను నా ఫైలు తెరిచి గర్వంగా చదివి వినిపించాను. ఆయన ఒక్కో మాటా పీకేయడం మొదలుపెట్టాడు. "ఆదర్శ భర్త" అన్నాను. "తీసీ. అది మీ నానమ్మ సెప్పాల, నువ్వు కాదు." "అలుపెరగని సేవకుడు" అన్నాను. "అలుపు రాకేటి? బట్టీకాడ పిక్కలు కలిపి కలిపి రెక్కలు పడిపోయేవి. తీసీ." పావుగంటలో నా సాహిత్యమంతా పోయి, తెల్ల కాగితం మీద ఆయన పేరొక్కటే మిగిలింది. అప్పుడు జీడి చమురుకి నల్లబడి మళ్లీ తెల్లబడని ఆ వేళ్లు ఒక్కొక్కటీ ముడుస్తూ తనే చెప్పుకుపోయాడు. అక్కుపల్లిలో బాప్తిస్మం ఇస్తుంటే పాస్టరు గారు ముంచేలోపే కెరటం వచ్చి ఇద్దర్నీ ముంచేసిందని, అది లెక్కలోకి రాదేమోనని రెండోసారి ముంచారని రాయమన్నాడు. జీడి ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు. నలుగురు పిల్లలు. ప్రతి శనివారం సాయంత్రం నానమ్మ ఆదివారం కట్టుకునే తెల్ల చీర బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తనే ఇస్త్రీ చేసేవాడని కూడా. ("ఇది కూడానా తాతా?" "మరేటి, పాస్టరు గారి లాగ వాక్యం సెప్పడం నాకు రాదు. ఇస్త్రీ వచ్చు.")

కుటుంబ ప్రార్థన గురించి ఆయన ఒక్క ముక్క చెప్పాడు గానీ అది నేను విడమర్చాలి. రోజూ సాయంత్రం ఏడింటికి, అన్నాలకి ముందు, మా ఇంట్లో చాప పరిచేవారు. తాత మోకరించి, ఇంట్లో అందర్నీ పెద్ద నుంచి చిన్న వరకు పేరు పేరునా దేవుడికి అప్పజెప్పి, తర్వాత వీధిలోకి వెళ్లేవాడు. పక్కింటి రైతు మావ మోకాళ్లు, ఎదురింటావిడ కోడలి కాన్పు, ఈనబోయే ఆవు, ఎవర్నీ వదిలేవాడు కాదు. మనవళ్లలో నేను ఆఖరివాణ్ని. నా పేరు వచ్చేసరికి చేపల పులుసు గడ్డకట్టేది.

"ఇప్పుడు పన్నెండోది రాయి" అని తాత గొంతు సవరించుకున్నాడు. ఆ వాక్యం మాత్రం గ్రాంథికంలో, ముందే తయారుచేసుకుని వచ్చాడు. "వివాహమైన ఎనిమిదవ ఏట ఒక పనసకాయ విషయమై భార్యతో కోపపడి, పదకొండు దినములు మాటలు లేక, ఆ దినములన్నియు కుటుంబ ప్రార్థన మానివేసి, ప్రభువు బల్లలో పాలుపొందక యుండెను. తప్పు ఆయనదే."

నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను.

సంగతేమిటంటే, ఆ ఏడు పెరట్లో పనస చెట్టు మొట్టమొదటిసారి కాసింది, ఒకే ఒక్క కాయ. తొలికాపు దేవుడిది, పాస్టరు గారింటికి ఇవ్వాలి. ఇదీ మా ఆచారమే. నానమ్మ ఆ కాయను ఆదివారం సోంపేట నుంచి వచ్చే తమ్ముడికి కూర వండుదామని కళ్లలో పెట్టుకుని చూసుకుంటోంది. శనివారం ఆవిడ బజారుకెళ్లి వచ్చేసరికి చెట్టుకి తొడిమ మిగిలింది. ఆదివారం తమ్ముడు వంకాయ కూర తిని వెళ్లాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. మనసులో కోపం పెట్టుకుని ప్రార్థించకూడదని తాతకి పట్టుదల, కాబట్టి చాప పరవలేదు. మరుసటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం వస్తే ముట్టుకోకుండా పక్కవాడికి అందించాడు. సంఘ పెద్ద పళ్లెం ముట్టుకోకపోవడమంటే మామూలు విషయం కాదు. సంఘం నెల రోజులు రకరకాలుగా ఊహించింది, పనసకాయ తప్ప. ఆ పదకొండు రోజుల్లో వచ్చిన శనివారం కూడా చీర మాత్రం ఇస్త్రీ అయి, ఒక్క మాట లేకుండా ట్రంకు పెట్టె మీదికి చేరింది. పదకొండో రోజున తాతే "తప్పు నాదే" అన్నాడు. (అప్పటికి ఆరేళ్లవాడైన మా నాన్న మాత్రం తన చిన్నతనంలో వేడి పులుసు తిన్నది ఆ పదకొండు రోజులే అని ఇప్పటికీ తలుచుకుంటాడు.)

ఆ వాక్యం నానమ్మ చెవిన పడింది. ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఆ పనసకాయ తీసీరా. పెట్టె ముందర సదివీ మాటేనా అది?"

"తాత ఉండాలంటన్నాడు నానమ్మా."

"ఉంటే ఆ ముసలోడి సావుకి నాను రాను, సెప్పీ."

తాతకి చెప్పాను. "ఆవిడ రాకపోతే నానూ ఎల్లను. అయినా ఒక్క తప్పు కూడా లేనోడి కత సదివితే ఎవుడు నమ్ముతాడ్రా? నలుగురు కూతుళ్ల లాగే ఉంటాది. నువ్వే సదవాల. మాటియ్యి" అన్నాడు. ఇచ్చాను. వంటింట్లోకి వెళ్లి నానమ్మకీ ఇచ్చాను. షాపుకెళ్లి రెండు ప్రింట్లు తీశాను, పనసకాయ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. ఉన్నదాన్ని తాత చదివి, సంతకం పెట్టి, బైబిల్లో దాచుకున్నాడు. లేనిదాన్ని నానమ్మ ట్రంకు పెట్టెలో పెట్టుకుంది. ఇద్దరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ వయసులో నాకు నా అంత తెలివైనవాడు పలాస నుంచి టెక్కలి దాకా లేడనిపించేది. వాళ్లలో ఒకరు చూస్తుండగా ఏదో ఒకరోజు ఒకటే కాగితం చదవాలనే చిన్న విషయం ఆ తెలివికి తట్టలేదు.

ఆ రోజు ఏడాదిన్నరకి వచ్చింది. ఈలోగా వారానికి మూడుసార్లు పలాసలో డయాలిసిస్‌కి ఆటోలో తీసుకెళ్లేవాళ్లం. అక్కడ పక్క మంచాల వాళ్ల పేర్లు, మిషను కుర్రాడి పేరు, ఆటో డ్రైవరు పేరు, అన్నీ సాయంత్రం ప్రార్థనలోకి వచ్చి చేరాయి. పులుసు మరింత చల్లబడింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన నిద్రించాడు. (ఆ మాట కొన్ని వందలసార్లు టైపు చేశాను. ఆ రోజు మాత్రం ఎందుకో రెండుసార్లు తప్పు కొట్టాను.)

శనివారం సాయంత్రం ఎవరూ ఇస్త్రీపెట్టె తీయలేదు. ఆదివారం నానమ్మ నలిగిన తెల్ల చీరలోనే వచ్చి పెట్టె పక్కన కుర్చీలో కూర్చుంది. కొత్త పాస్టరు గారు మైకు నా చేతికిచ్చారు. ఒక చేతిలో తాత బైబిలు, అందులో పనసకాయ. జేబులో నానమ్మ పొద్దున్నే తెచ్చిచ్చిన కాగితం. తాత కళ్లు మూసుకుని ఉన్నాడు, నానమ్మ కళ్లు తెరుచుకుని ఉంది. ధైర్యవంతుడైన నేను జేబులో కాగితం తీశాను. కెరటం దగ్గర కొందరు చిన్నగా నవ్వారు. చీర దగ్గర ఆడవాళ్లు ముక్కు తుడుచుకున్నారు. పదకొండో వాక్యం అయిపోయింది. గాలి పీల్చుకుని పదమూడోది అందుకున్నాను.

"ఆగరా" అంది నానమ్మ. "పనసకాయేదీ?"

మైకు ఆన్‌లోనే ఉంది. "నువ్వే వద్దన్నావు కదా..." అన్నది నా గొంతేనని గుర్తుపట్టడానికి నాకే కొంత సమయం పట్టింది.

"నాను వద్దంటాను. ఆయన రాయమన్నాడా లేదా? ఆయన కాయితం తీసి సదువు."

బైబిల్లోంచి తీసి పన్నెండో వాక్యం చదివాను. "తప్పు ఆయనదే" దగ్గరికి రాగానే మళ్లీ చెయ్యెత్తింది.

"అదీ తప్పు. దిద్దు."

పాస్టరు గారు ఏమీ అర్థం కాకపోయినా జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. నానమ్మ సంఘం వైపు తిరగలేదు. పెట్టె వైపే చూస్తూ చెప్పింది.

"సెట్టు పిందేసినప్పుడు తొలికాయి దేవుడికే ఇచ్చీ మావా అని నానే అన్నాను. తరవాత తమ్ముడొత్తాడంటే ఆ మాట మరిసిపోనాను. మూడోరోజున గేపకమొచ్చినాది. మూడు రోజులు మూతి ముడుసుకున్నాక ఎలాగ సెప్పీది? ఈయనొచ్చి తప్పు నాదే అన్నాడు. సరే, అలాగే కానీలే అనీసి ఊరుకున్నాను. ఇన్నేళ్లూ ఊరుకున్నాను."

మా నాన్న ఏడుస్తున్నవాడు ఏడుస్తూనే ఫక్కున నవ్వాడు. ఆ వెనక ఒకరు, ఆ వెనక ఇంకొకరు. పెట్టె ముందు అంతమంది నవ్వడం మా సంఘంలో అదే మొదటిసారి అనుకుంటాను.

"తాతకి తెలుసా నానమ్మా?" అన్నాను, మైకు పక్కకి పెట్టి.

"ఏమో. అడగలేదు. ఆయన మతిమరుపు మనిసి కాదు." అని, ఆ పెట్టె అంచు మీద చెయ్యి వేసి, "అప్పుడు పదకొండు రోజులకి మాటాడినావు. ఇప్పుడెన్నాళ్లకో మరి" అంది.

నేను "ఆయనదే" కొట్టేసి, పైన "ఇద్దరిదీ" అని రాశాను. అది ఆవిడ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. అన్ని పేజీలు కొట్టిన నా జీవితంలో సొంతంగా రాసిన ఒకే ఒక్క మాట అది. ఇప్పుడు ఆ షాపూ లేదు, నా ఫైలూ లేదు. సాయంత్రం ఏడింటికి చాప నేనే పరుస్తాను. తాత జాబితాలో సగం కూడా నాకు గుర్తుండదు కాబట్టి మా ఇంట్లో పులుసు వేడిగానే ఉంటోంది. రెండు ప్రింట్లు తీసి అందరినీ గెలిచాననుకున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే, పాపం, ఒక ప్లేటు పులుసు పెట్టి పంపించాలనిపిస్తుంది.

మొన్న సోంపేటలో ఒక పెళ్లికి వెళ్తే మా నాన్న చిన్నప్పటి పాస్టరు గారి భార్య కనిపించింది, బాగా పెద్దావిడ. ఇంత కథ నడిపించిన ఆ పనసకాయ కూర ఎలా ఉందో కనుక్కుందామని అడిగాను. కాయ కూరకి ముదిరిపోయిందట, పండేయడానికి లేతట. ముక్కలు కోసి మేకలకి వేశారట. అవి కూడా సగమే తిన్నాయట.