సగంలో ఆగిన బాన

మొన్న చెప్పులు కుట్టే అంగడి ముందు నిలబడితే నానిన తోలు వాసన తగిలింది. అందరూ ముక్కు మూసుకునే వాసనే. నాకు మాత్రం మా కపిల బావి, దాని వెంటే మా సైన్సు టీచరు రూతమ్మగారు గుర్తుకొచ్చారు.

అరవైల మొదట్లో, గుత్తి దగ్గర మా హైస్కూల్లో ఆవిడ సైన్సు లెక్కలు చెప్పే తీరే వేరు. మంచు మీద జారే బండి లెక్క వస్తే, "మంచు మనకి యాడుండాది? శెనక్కాయల మూటను గచ్చు మీద లాగతాండారనుకోండి" అనేవారు. నిచ్చెన లెక్కలో పైకెక్కేది మా బడి ప్యూను. ఆయన బరువెంతో తేలక మేం కొట్లాడుకునేవాళ్లం. మా ఊరు కూడా పుస్తకానికి పనికొస్తుందని నాకు తొలిసారి అనిపించింది ఆ క్లాసులోనే.

నేను తొమ్మిదిలో ఉండగా వానలు మొహం చాటేశాయి. మేత లేక నాయన కపిల ఎడ్లలో ఒకదాన్ని అమ్మేశాడు. బావి నీళ్లు తోడే కపిలకు పెద్ద తోలు బాన ఉంటుంది. దానికి మోకు కట్టి, గిలక మీదుగా జత ఎడ్లకు తగిలిస్తారు. అవి ఏటవాలు బాటలో దిగుతుంటే బాన నీళ్లతో పైకొస్తుంది. ఒంటెద్దుకు అది కదల్లేదు. దాని పక్కన నాయనా నేనూ మోకు పట్టి లాగాల్సి వచ్చింది. నా బడి ఆగిపోయింది.

ఒక ఆదివారం టీచరు చర్చి నుంచి నేరుగా, తెల్లచీరతోనే మా బావి దగ్గరకు వచ్చారు. "పాపను ఎప్పుడు పంపిస్తావన్నా?" అని అడిగారు.

"ఇంకో ఎద్దు దొరికినాక, టీచరమ్మా" అన్నాడు నాయన మోకు వదలకుండా.

ఆవిడ కాసేపు గిలకను చూశారు. బానకు కూడా ఇంకో గిలక తగిలించి, మోకు కొసను బావి పైన కట్టేస్తే ఎద్దుకు బరువు సగమే పడుతుందని, ఒంటెద్దు చాలునని చెప్పారు. నాయనకు నమ్మకం కుదరలేదు. అయినా ఆవిడ మాట తీసెయ్యలేక పక్క తోటలో గిలక, మోకు అడిగి తెచ్చాడు. అన్నీ అమర్చి ఎద్దును అదిలించాడు. అది హాయిగా నడిచి బాట చివరికి చేరింది. బాన మాత్రం బావిలో సగంలోనే వేలాడుతూ ఉండిపోయింది.

టీచరు మొహం చూడ్డానికి నాకే సిగ్గేసింది. ఆవిడ బావిలోకి తొంగి చూసి, నా వైపు తిరిగి, "తప్పు చేసినా. యాడ చేసినానో చెప్పు పాపా" అన్నారు.

కూర్చుని మట్టిలో వేలితో గీసుకుని చూశాను. "బరువు సగమైతే నడక రెండింతలు కావల్ల, టీచర్. మన బాట అంత పొడుగు లేదు."

నాయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అయితే కంచె పీకి చేన్లోకి బాట పొడిగిద్దాం. ఆడ ఎట్లాగూ ఏమీ మొలవలేదు" అన్నాడు. సాయంత్రానికి బాన నిదానంగా పైదాకా వచ్చింది. నీళ్లు కాలవలో పడుతుంటే, "రేపు బడికి పో" అన్నాడు.

నేనూ టీచరునయ్యాక ఒకసారి ఆవిడను అడిగాను, కావాలనే తప్పు చేశారా అని. "తెలిసుంటే ఆ ఎండలో మీ నాయనతో అంత చాకిరీ చేయించుదునా?" అని నవ్వారు. ఆ జవాబు విన్నాక ఆవిడ మీద నాకు ప్రేమ రెట్టింపయింది.

ఇప్పటికీ మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. బోర్డు మీద నా లెక్క తప్పితే చెయ్యి డస్టరు మీదికి పోతుంది. దాన్ని ఆపుకుని, ఎప్పుడూ నోరు విప్పని పిల్లను పిలిచి చాక్‌పీసు చేతికిస్తాను. ఆ పిల్ల లెక్కను మొదటినుంచి చదువుకుంటుంది. తప్పు దొరికేదాకా నేను పక్కనే నిలబడతాను.