వెనక అట్ట మీద మొగులప్ప

నారాయణఖేడ్ బస్టాండు దాటి కంగ్టి రోడ్డు పడితే ఎడమ పక్కన ఒక మోటారు వైండింగ్ దుకాణం వస్తుంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ప్రముఖ నవలా రచయిత మొగులప్ప' అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాలతో 'ఇచ్చట కాలిపోయిన బోరు మోటార్లు బాగుచేయబడును' అని ఉంటుంది. ఖేడ్ జనం చదివేది కింది లైనే. అందుకే ఊళ్లో అతని పేరు మోటర్ మొగులప్ప.

యాభై దాటిన మొగులప్పకు జీవితంలో ఒక్కటే కోరిక మిగిలింది. తాను అడగకుండా, తాను గుర్తు చేయకుండా, ఈ ఊరి మనిషి ఎవరైనా ఒక్కసారి తనను రచయిత అనాలి.

అతను రాసింది ఒకే నవల. పేరు 'అగ్నిపుష్పాల అంతరంగం'. సిర్గాపూర్ ఆటో డ్రైవరుకూ నాగల్‌గిద్ద పిల్లకూ నడిచిన ప్రేమకథ. చివర్లో ఇద్దరూ ఇల్లు విడిచి పారిపోతుంటే దారిలో పెట్రోలు అయిపోతుంది. అతను పెట్రోలు తేవడానికి వెళ్తాడు. ఆ పిల్ల కాసేపు చూసి ఇంకో ఆటో ఎక్కి బీదర్ వెళ్లిపోతుంది. ఇంత విషాదం ఇంతవరకూ ఎవరూ రాయలేదని మొగులప్ప నమ్మకం.

రాస్తే చాలదనీ, రచయితకు బ్రాండ్ ఉండాలనీ చెప్పినవాడు స్టాన్లీ. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఇప్పుడు ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం నడుపుతున్నాడు. యూట్యూబులో వీడియోలు చూసి చూసి అతనికి ఈ విద్య పట్టుబడింది.

"నిన్ను చూస్తే పుస్తకం యాదికి రావాలె. పుస్తకం చూస్తే నువ్వు యాదికి రావాలె. గంతే. ఒకటే ఫోటో, ఒకటే రంగు, ఒకటే మాట. సచ్చేదాక మార్చొద్దు."

ఫోటో స్టాన్లీయే తీశాడు. గడ్డం కింద చెయ్యి, చూపు పైకి. దూరంగా భవిష్యత్తులోకి చూస్తున్నట్టు ఉంటుంది గానీ, అప్పుడు మొగులప్ప చూస్తున్నది పైకప్పు మీద తిరుగుతున్న బల్లిని. రంగు పసుపు అని తేల్చారు. అప్పటినుంచి మొగులప్ప భుజం మీంచి పసుపు శాలువా దిగలేదు. ఎండాకాలంలో శాలువా కప్పుకొని రాగి తీగ చుడుతుంటే, వచ్చినవాళ్లు "జరమొచ్చిందా అన్నా?" అని అడిగేవారు. ఇక ఆ ఒక్క మాట కోసం ఇద్దరూ చాలా తన్నుకులాడి చివరికి 'ఎప్పటికీ మీతోనే ఉంటాను' అని ఖాయం చేశారు. వెనక అట్ట నిండా ఫోటో, ఫోటో కింద ఆ మాట.

పుస్తకాలు అచ్చయి వచ్చాయి. ఎవరూ కొనలేదు. పెట్టెలు దుకాణంలో ఒక మూలకు చేరాయి. వాటి మీద బరువైన మోటార్లు పెట్టుకోవడానికి వీలుగా ఉండేది.

ఒకరోజు కల్హేర్ నుంచి వీరేశ్ అనే రైతు కాలిపోయిన మోటారు తెచ్చాడు. అతని తండ్రి ఈరయ్య పోయి వారం కూడా కాలేదు. గుండు మీద రుమాలు కట్టుకొని ఉన్నాడు. మోటారు దించడానికి జాగా చూస్తూ పెట్టెలోంచి ఒక పుస్తకం తీశాడు.

"గిదేంది అన్నా?"

"నవల. నేనే రాసిన."

వీరేశ్ ముందు అట్ట చూడలేదు. వెనక అట్ట తిప్పి, కొంచెం దూరంగా పట్టుకొని చూశాడు.

"గీ ఫోటో జాగ మంచిగుంది. మా నాయన ఫోటో గిండ్ల సరిగ్గ కూసుంటది."

మొగులప్పకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ చుట్టుపక్కల ఎవరైనా పోతే, దినాలకు వచ్చి భోంచేసినవాళ్ల చేతిలో ఒక స్టీలు గిన్నె పెట్టి పంపుతారు. గిన్నెకు పోయిన మనిషి ఫోటో స్టిక్కరు ఉంటుంది.

"గిన్నెలంటె జనం ఇసుక్కుంటున్నరన్నా. మా ఇంట్ల చాయ్ తాగుడు మా మామ గిన్నెల, పప్పు పోసుకునుడు మా పెద్దవ్వ గిన్నెల. పుస్తకమైతె కొత్తగుంటది. కింద మాట గూడ మంచిగ రాసినవ్. ఎప్పటికీ మీతోనే ఉంటాను. మా నాయన అన్నట్టే ఉన్నది."

"లోపల ఏమున్నదో అడగవా?"

"లోపల ఏముంటె ఏంది అన్నా, మంచి కాయిదమే గద."

మొగులప్ప ఆ రాత్రి స్టాన్లీని అడిగాడు. స్టాన్లీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇయ్యి. ఫోటో మీద ఫోటో పడ్తది, పోనీ. ముంగట అట్ట మీద పేరు నీదే ఉంటది గద. ఇల్లిల్లు తిరుగుతది." స్టిక్కర్లు తన దుకాణంలోనే వేయించాలని కూడా చెప్పాడు.

ఈరయ్య దినాల్లో పుస్తకం తీసుకున్నవాళ్లు తమ ఇళ్లలో చావులైనప్పుడు అదే కావాలన్నారు. పెట్టెలు ఖాళీ అయ్యాయి. మళ్లీ అచ్చు వేయించారు. ఏడాది తిరిగేసరికి ఖేడ్‌లో టీవీ పక్కన 'అగ్నిపుష్పాల అంతరంగం' లేని ఇల్లు లేదు. ఇద్దరు ముగ్గురు చుట్టాలు పోయిన ఇళ్లలో రెండు మూడు కాపీలు కూడా ఉన్నాయి.

ఒకసారి మొగులప్ప మోటారు బిగించడానికి వెళ్లిన ఇంట్లో తన పుస్తకం కనిపించింది. ఆత్రంగా అడిగాడు.

"గిదెవరి పుస్తకం?"

"ఈరయ్యది."

"ఈరయ్య రాసిండా?"

"లేదు. ఈరయ్య పోయిండు."

అంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. స్టాన్లీ చెప్పినట్టే మొగులప్పను చూస్తే పుస్తకం గుర్తుకొచ్చింది, పుస్తకంతో పాటు దినాలు గుర్తుకొచ్చాయి. పసుపు శాలువా వీధి మొదట్లో కనిపిస్తే మంచం పట్టిన ముసలివాళ్లున్న ఇళ్ల తలుపులు మూసుకునేవి. ఆయాసంతో బాధపడే ఒకాయన అయితే మొగులప్ప పలకరించాడని అదే రోజు జహీరాబాద్‌లో కూతురింటికి వెళ్లిపోయాడు.

పొరుగింటి కిష్టవ్వ తుంటి ఎముక విరిగి సర్కారు దవాఖానలో పడుకుంటే చూడ్డానికి వెళ్లాడు. కోడలు నర్మద వార్డు తలుపు దగ్గరే చేతులు అడ్డం పెట్టింది.

"అన్నా, డాక్టర్ సాబ్ ఇంక ఏం చెప్పలే. నువ్వు అప్పుడే వస్తె ఎట్ల?"

లోపలినుంచి ముసలామె గొంతు వినిపించింది. "రానీయే. ఇంట్ల నాలుగు కాపీలున్నయి. అండ్ల ఏం రాసిండో అడుగుత."

మొగులప్ప మంచం పక్కన కూర్చొని కథ మొదలుపెట్టాడు. గంట తర్వాత నర్సు వెళ్లగొట్టింది. మిగతాది నర్మద రోజూ చదివి వినిపించింది. కిష్టవ్వ ఇంటికి వచ్చాక అతన్ని పిలిపించింది. పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"ఆ పిల్ల బీదర్ ఎట్ల పోతదిరా? పెట్రోల్ తేవోయినోడు వచ్చేదాక ఆగదా? గంత తొందర ఉన్నదైతె ఇల్లిడిశి ఎందుకొచ్చె?"

ఒక మనిషి తన నవల చివరిదాకా విని తనను తిడుతోంది! మొగులప్ప శాలువా కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడుస్తవేందిరా? మార్చు. ఆ పిల్లను గదే ఆటోల ఎక్కియ్యి. నా దినాలకు గా మార్చిందే పంచాలె. ఇంకొకటి, నా ఫోటో అతికియ్యొద్దు. నా మొఖం ఎవరికి ఎరుక లేదు? గంత కష్టపడి రాసినవ్, నీ మొఖమే ఉండనీ."

మొగులప్ప చివరి అధ్యాయం తిరగరాశాడు. పెట్రోలు బాటిల్ వచ్చింది, పిల్ల ఆటో ఎక్కింది. కిష్టవ్వ విని "ఇగ మంచిగుంది" అంది. కందులు ఇంటికొచ్చిన కొన్నాళ్లకు నిద్రలోనే పోయింది. నర్మద మాట తప్పలేదు. దినాలకు వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో కొత్త అచ్చు పుస్తకం పెట్టింది. వెనక అట్ట మీద ఏ స్టిక్కరూ లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న మొగులప్ప, కింద 'ఎప్పటికీ మీతోనే ఉంటాను'.

తిన్నవాళ్లు ఆ పుస్తకాలు చంకలో పెట్టుకొని ఊళ్లకు వెళ్లారు. ఇళ్లలో ఉన్నవాళ్లు అలవాటు ప్రకారం వెనక అట్ట తిప్పి, పోయిందెవరో చూశారు. పొద్దుగూకే లోపల ఫోన్లు మోగడం మొదలైంది.

మరునాడు మొగులప్ప షట్టరు సగం దించుకొని లోపల వీరేశ్ మోటారు చుడుతున్నాడు. అది మళ్లీ కాలింది. బయట అడుగుల చప్పుడైంది, తర్వాత ఎవరో ముక్కు చీదారు.

"మంచిగ మాట్లాడెటోడు," అంది ఒక గొంతు.

"మోటర్ పని గూడ మంచిగ చేసెటోడు." ఇది వీరేశ్ గొంతు.

"మోటర్ది పక్కకు పెట్టు. రచయిత ఉండె. పెద్ద రచయిత."

"నువ్వు చదివినవా?"

"చదువలే. గాని పెద్దోడు కాకుంటె ఇన్ని ఇండ్లల్ల పుస్తకం ఉంటదా?"

మొగులప్ప చేతిలో రాగి తీగ ఆగిపోయింది. మాట పొరపాటున వచ్చిందేమోనని చెవి అటు పెట్టాడు. "మన ఖేడ్‌ల ఒక్కడే రచయిత ఉండె, గాయన గూడ పాయె" అని ఇంకెవరో అన్నారు. మొగులప్ప కదల్లేదు. బయటికి వెళ్తే మళ్లీ మోటర్ మొగులప్ప అవుతాడు. ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాడు.

అప్పుడే అతని భార్య మల్లీశ్వరి అన్నం డబ్బా పట్టుకొని వచ్చింది. "ఏమైంది, గిట్ల జమైండ్రు?"

"వదినా, రచయిత పోయిండు గద!"

"ఏ రచయిత?"

ఆమె షట్టరు పైకి లేపింది. పసుపు శాలువాతో, ఒళ్లో మోటారుతో మొగులప్ప కనిపించాడు.

వీరేశ్ చేతిలో బంతిపూల దండ ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూశాడు. తెచ్చిన దండ వాపస్ తీసుకుపోతే మంచిది కాదనుకున్నాడో ఏమో, ముందుకొచ్చి మొగులప్ప మెడలో వేశాడు. వేసి, గొంతు సవరించుకున్నాడు.

"మరి నా మోటర్ అయిందా అన్నా?"

మొగులప్ప లేచి, దండ సర్దుకొని, షట్టరు పట్టుకున్నాడు.

"రేపు రా. ఇయ్యాల దుకాణం బంద్. రచయిత పోయిండు."

షట్టరు దిగింది. మల్లీశ్వరి వంగి, కింది సందులోంచి అన్నం డబ్బా లోపలికి తోసింది.