మా పెదనాయన హారతి పట్టిన పుస్తకాలు

మా చిన్నప్పుడు... దసరా వస్తే ఆళ్లగడ్డలో మా పెదనాయన పుస్తకాలకు హారతి పట్టేవాడు. దేవుడి పటాల ముందు పీట వేసి, దాని మీద పుస్తకాలు పేర్చి, పసుపునీళ్లు చల్లి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి... వీధి వీధంతా వచ్చి చూసేది. "ఈయనకు సదువంటే ఎంత బక్తప్పా!" అనేవాళ్లు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు... నేను మాట్లాడతాను.

ఆ పుస్తకాలు ఆయనవి కావు. మా నాయనవి. నాయన నంద్యాల కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. రాజ్యాల చరిత్రలు, గుళ్ల శిల్పాల మీద బొమ్మలతో అచ్చేసిన లావుపాటి పుస్తకాలు, ఏ మతం ఏం చెబుతుందో వివరించేవి, రాజకీయాల మీద పెద్దవాళ్లు రాసినవి... కొత్త చొక్కా కుట్టించుకోకుండా అవి కొనేవాడు. అంచుల్లో పెన్సిల్‌తో ఏదేదో రాసుకునేవాడు. చదువుతూ చదువుతూ నవారు మంచం మీద బోర్లా పెట్టి కాలేజీకి వెళ్లిపోయేవాడు. అక్కా నేనూ జొన్నరొట్టె తింటూ ఆ బొమ్మలు చూసేవాళ్లం. పేజీ మీద ఊరిబిండి పచ్చడి మరక పడితే "పర్వాలేదులే పాపా, సదివిన గుర్తు" అని నవ్వేవాడు.

డెబ్బైల చివర్లో నాయన గుండెనొప్పితో పోయాడు. అమ్మ, అక్క, నేను పెదనాయన ఇంటికొచ్చి పడ్డాం. పుస్తకాలూ మాతోపాటే లారీలో వచ్చాయి. మర్యాద మాత్రం వాటికే జరిగింది... టేకుతో అద్దాల బీరువా చేయించాడు, దానికి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. ఇంటికి ఎవరొచ్చినా ముందు బీరువా చూపించేవాడు. పంచాంగం తప్ప ఆయన ఇంకో పుస్తకం తెరవగా నేను చూడలేదు.

అక్క నంద్యాలలో బీఏ చదివేది. పొద్దున్నే బస్సెక్కి పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చేది. నాయన చెప్పిన చరిత్రే తీసుకుంది. ఫస్టుక్లాసు వస్తే తిరుపతిలో ఎమ్మే, రాకపోతే పెళ్లి... ఇది పెదనాయన పెట్టిన షరతు. ఫస్టుక్లాసు తెప్పించే పుస్తకాలేమో ఆయన మొలతాడుకే వేలాడుతున్నాయి! కాలేజీ లైబ్రరీలో అవి లేవు.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని పోయి అడిగింది.

"పెదనాయనా, నాయన పుస్తకాలు కావల్ల. పరీక్షలుండాయి."

"అది సరస్వతి మే. ముట్టుండే ఆడపిల్లోల్లు యాడ తాకుతారు దాన్ని?"

"నాయన ఇస్తాండె కదా?"

"ఇచ్చినందుకే ఏమైపాయనో చూసినావు కదా," అన్నాడు.

ఎంత మాట! కన్నతండ్రి చావును ఆ పిల్ల నెత్తిన పెట్టాడు. వంటింట్లో అమ్మ రోటి చప్పుడు ఆగిపోయింది. కానీ అమ్మ బయటికి రాలేదు... ఆ ఇంటి అన్నం తింటున్నాం కదా.

ఇంకో తమాషా వినండి. ఆ బీరువా ఏడాదికి ఒక్కసారి, సరస్వతి పూజ నాడు తెరిచేవాడు. పూజలో పెట్టిన పుస్తకం ఆ రోజు చదవకూడదని ఆచారం. మర్నాడు పొద్దున్నే మళ్లీ లోపల పెట్టి తాళం వేసేవాడు. అంటే తలుపు తెరిచిన రోజు చదవకూడదు, చదవొచ్చన్న రోజు తలుపు తెరవడు. ఈ తెలివికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి.

అక్క ఆఖరి ఏడాది దసరా... హారతి అయింది. ఇంటినిండా జనం. అక్క తిన్నగా పీట దగ్గరికి పోయి, నాయన ఎక్కువగా చదివిన శిల్పాల పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"ఈ పొద్దే సదువుతా... ఈడనే కూర్చోని సదువుతా. ఎవురు ఆపుతారో ఆపండి," అంది.

అక్క అట్ట ఎత్తింది. పుస్తకం తెరుచుకోలేదు.

ఏటేటా పసుపునీళ్లు చల్లడం, తడి ఆరకుండానే గాలాడని బీరువాలో పెట్టడం... నున్నటి బొమ్మల కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకలాగా గట్టిపడ్డాయి. గోటితో మెల్లగా విడదీయబోతే దేవత ముఖం ఒక పేజీకి, ఒళ్లు ఇంకో పేజీకి వచ్చాయి. నాయన పెన్సిల్ రాత పొట్టు పొట్టుగా రాలింది. ఇంకోటి తీసింది... ఇంకోటి... అన్నీ బూజు, పసుపు మరకలే.

"పూజ చేసీ చేసీ చంపినావు కదా పెదనాయనా," అంది అక్క.

"పూజ చేసింది యాడన్నా చెడిపోతాదా? నీ చెయ్యి తగిలినాక చినిగె!" అని అరిచాడాయన.

వచ్చినవాళ్లందరూ తలలూపారు. ఒక్కరు, కనీసం ఒక్కరు, ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని చూడలేదు. అమ్మ వచ్చి అక్క చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

అక్కకు సెకండుక్లాసు వచ్చింది. శ్రావణంలో పాణ్యం ఊరికిచ్చి పెళ్లి చేశారు. తర్వాతి దసరాకు కూడా పెదనాయన ఆ ఇటుకలకు హారతి పట్టాడు... జనం కూడా వచ్చారు.

ఇప్పుడు ఎంతటి పుస్తకమైనా ఫోన్లో చదువుకోవచ్చు. తాళం లేదు, మైల లేదు. అక్కకు అప్పుడు దొరికి ఉంటే... ఆ మాట అనుకోకుండా ఉండలేను. "ఆ కాలంలో పుస్తకమంటే ఎంత గౌరవం!" అని ఎవరైనా పోస్టు పెడితే నాకు చిర్రెత్తుకొస్తుంది. మీ ఇళ్లలో ఆ గౌరవం ఎట్లా ఉండేది? పుస్తకాలు ఎవరి చేతికి అందేవి, ఎవరికి అందేవి కావు? మొహమాటపడకుండా కింద రాయండి.

మొన్న పాణ్యం పోయాను. అక్క మనవరాలి కాలు నేల మీదున్న పుస్తకానికి తగిలింది. ఆ పిల్ల గబుక్కున వంగి కళ్లకద్దుకోబోయింది. అక్క ఆపింది.

"దండం పెట్టేది వద్దులే పాపా... తెరిచి సదువు," అంది.