బి షిఫ్ట్ లాగ్ పుస్తకం

రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు నన్ను భిలాయిలో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో ఇంగ్లిష్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. ఉక్కు కర్మాగారాలకు విడిభాగాలు చేసిచ్చే ఫ్యాక్టరీ అది. హోదాలో నేను ఫోర్‌మన్ కంటే పైన, మేనేజర్ కంటే చాలా కింద. ఆపరేటర్ల చేత సరైన ఇంగ్లిష్‌లో లాగ్ రాయించడమే నా పని. షిఫ్టులో మిషను ఎలా నడిచిందో గంట గంటకూ రాసి, తర్వాతి షిఫ్టుకు అప్పగించే పుస్తకాన్ని లాగ్ అంటారు.

నేను చెప్పిన పాఠం చిన్నదే. షట్ డౌన్, టాప్ అప్ లాంటి జంట మాటలు ఒంటరిగా రాస్తే లాగ్‌లో పనికిరావు. షట్ డౌన్ అంటే ఎంతసేపు ఆగిందో పక్కనే ఉండాలి: ఫర్ ఫార్టీ మినిట్స్. టాప్ అప్ అంటే ఎంత ఆయిల్ పోశారో ఉండాలి: విత్ ఫైవ్ లీటర్స్. సమయమూ కొలతా లేని వాక్యం నాకు చూపించవద్దని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఆ రోజుల్లో నా పాఠం మీద నాకు గర్వం ఎక్కువ.

క్లాసులో అందరూ తలలూపారు. షాపులో, అంటే మిషన్లు నడిచే షెడ్డులో, మాత్రం పాత పద్ధతే. డ్యూటీ ఎక్కగానే ఎనిమిది గంటల పేజీనీ "నార్మల్" అని నింపేసేవారు, దిగేటప్పుడు సైరన్ మోగగానే వెళ్లిపోవచ్చని. ఫోర్‌మన్ చదవకుండానే సంతకం పెట్టేవాడు. ఇదంతా నాకు తెలుసు. నా మాట పట్టించుకున్నవాడు బి షిఫ్టు ప్రెస్ ఆపరేటర్ అప్పలనాయుడు ఒక్కడే. సీనియర్ ఆపరేటర్ ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి. మూడు వారాలపాటు, ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ ప్రెస్ ఎన్ని నిమిషాలు ఆగిందో, తను ఎన్ని లీటర్ల ఆయిల్ పోశాడో పొల్లుపోకుండా రాశాడు.

తర్వాత ప్రెస్ సిలిండర్ పగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ పని నెల రోజులు ఆగింది. విచారణ కమిటీ మూడు షిఫ్టుల లాగ్‌లూ తెప్పించింది. ఎ, సి షిఫ్టుల్లో అంతా నార్మల్. లోపం బి షిఫ్టులోనే కనబడింది కాబట్టి నడిపినవాడిదే తప్పన్నారు. అతని వాక్యాలకు అర్థం చెప్పమని నన్ను పిలిచారు, చెప్పాను. మిగతా పేజీలు డ్యూటీ ఎక్కగానే నింపేసినవని కూడా చెప్పవలసింది. అడగలేదు కదా అని నోరు మెదపలేదు. నా పోస్టు పొడిగింపు ఫైలు కమిటీ అధ్యక్షుడి టేబుల్ మీదే ఉంది. నా పిరికితనానికి ఇంకో పేరు వెతకను.

బయట వరండాలో అప్పలనాయుడు ఎదురొచ్చాడు. "మీరు సెప్పినట్టే రాసేను గదా మేడం. నానేటి తప్పు సేసేను?" అన్నాడు. వాక్యాల్లో తప్పేమీ లేదన్నాను. "మిగతావోళ్లు ఎలా రాస్తారో మీకెరికే గదా. ఆ మాట లోపల సెప్పేరా?" అని అడిగాడు. నేను వాచీ చూసుకుని, క్లాసుకు వేళయిందని వచ్చేశాను.

అతని ప్రమోషన్ పోయింది. ఏడాదిపాటు లోడింగ్ యార్డులో ఉంచి మళ్లీ ప్రెస్ మీదకు తెచ్చారు. నా పొడిగింపు మాత్రం సకాలంలో వచ్చింది. రిఫ్రెషర్ క్లాసులో అతన్ని లేపి షట్ డౌన్‌తో ఒక వాక్యం చెప్పమన్నాను. "ప్రెస్ నార్మల్ మేడం" అని కూర్చున్నాడు. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం బి షిఫ్టు మొదలైన పది నిమిషాలకు షాపుకు వెళ్లి అతని లాగ్ చూశాను. షిఫ్టు దిగే రాత్రి పది గంటల గడి దాకా "నార్మల్" అని నిండిపోయి ఉంది.

ఆ పేజీని నేను తప్పుపట్టలేదు. ఒకరి చేత నిజం రాయించేవాళ్లు, ఆ నిజం పక్కన తమ సంతకం కూడా పెట్టడానికి సిద్ధపడాలి. నేను సిద్ధపడలేదు. నిజం రాస్తే ఒంటరిగా మిగలాలని అతనికి నేర్పింది నేనే.