నోట్లో లేని నల్ల బిళ్ళ

రౌమా రేవులో ఇర్యా క్రేన్ ఎక్కిందంటే కిందవాళ్ళు నిశ్చింతగా సిగరెట్టు ముట్టించుకునేవారు. టన్నుల బరువుండే కాగితపు చుట్టల్ని ఓడ కడుపులోకి అంత మెత్తగా దించే చెయ్యి అక్కడ ఇంకెవరికీ లేదు. ఆ చెయ్యే ఆమె బతుకు, ఆమె గర్వం. ఆమెకు ఇంకొక మోజు కూడా ఉండేది. అతిమధురం, నవసాగరం కలిపి చేసే, చప్పరించే నల్లటి సల్మియాక్కి బిళ్ళలు. క్యాబిన్‌లో చేతి పక్కన ఒక పొట్లం ఉండాల్సిందే. నాలుక ఎప్పుడు చూసినా నల్లగానే ఉండేది.

యాభై దాటాక రక్తపోటు పట్టుకుంది. మాత్రలు పెరిగాయి గానీ పోటు దిగలేదు. పిక్కలు పట్టేసేవి, ఎంత తాగినా దాహం తీరేది కాదు. మాటిమాటికీ మూత్రానికని అంత ఎత్తునుంచి నిచ్చెన దిగడం నరకమైపోయింది. రక్తపరీక్ష చేస్తే పొటాషియం అడుగంటి ఉంది. రేవు కార్మికుల్ని చూసే డాక్టర్ లిండ్రూస్ ఆమెను నోరు తెరవమన్నాడు. ఆ నాలుక చూడగానే ఆయనకు జబ్బు దొరికిపోయింది.

"ఆ బిళ్ళలు మానెయ్యండి, అంతా సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మిమ్మల్ని క్రేన్ ఎక్కనివ్వను," అన్నాడు.

ఆయన మాటలో తప్పులేదు. అతిమధురం మితిమీరితే ఒంట్లో ఉప్పు నిలిచిపోతుంది, పొటాషియం పోతుంది, పోటు పెరుగుతుంది. అది అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఇంకెవరూ బుర్రకు పని చెప్పలేదు.

ఇర్యా ఆ రోజే మానేసింది. మానేసి, విప్పని పొట్లం ఒకటి పనికోటు జేబులో వేసుకు తిరిగింది. చేతికి తగులుతున్నా ముట్టనని తనకు తాను నిరూపించుకోవాలి. వాళ్ళ నాన్న సిగరెట్లు మానింది కూడా అలాగే. ఆ ఇంటి మొండితనమే అంత.

చలికాలం పోయి మంచు కరిగింది. పోటు మాత్రం కదల్లేదు. ఆమె చాటుగా తింటూనే ఉందని అందరి నమ్మకం.

"ఏదీ, ఓసారి నాలుక చూపించు," అనేవాడు పక్క క్రేన్ నడిపే ఎస్కో, కాఫీ గదిలో అందరి ముందూ.

"నీ బుర్ర చూపించు ముందు. బోలెడు ఖాళీ ఉందంటగా, బిళ్ళలన్నీ అందులోనే దాచుకుంటా," అనేది ఇర్యా. పైకి నవ్వేది గానీ లోపల మండిపోయేది.

చివరికి డాక్టరును నిలదీసింది. "ఒట్టు, నేను తినట్లేదు. ఇంకేదో ఉంది, చూడండి."

ఆయన కాస్త మెత్తబడ్డాడు. హార్మోన్ల పరీక్ష ఒకటి ఉంది, వచ్చే వారం రక్తం తీద్దామన్నాడు. ఇర్యా ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

ఆమె భర్త ఆర్వో చెడ్డవాడు కాదు, వట్టి భయస్తుడు. ఆ వారంలోనే ఆమె కోటు కొక్కేనికి తగిలిస్తుంటే జేబులో బిళ్ళల పొట్లం చేతికి తగిలింది. తీసి చూడనైనా చూడకుండా, ఆమె మంచికే కదా అనుకుని, చాటుగా డాక్టరుకు ఫోన్ చేశాడు.

"పరీక్ష అక్కర్లేదు. మీ జేబులో ఏముందో నాకు తెలిసింది. ఈ వేసవిలోపు మానకపోతే క్రేన్ దిగాల్సిందే," అన్నాడు లిండ్రూస్, ఆమె రక్తం ఇవ్వడానికి వెళ్ళగానే.

ఎవరు చెప్పారో ఆమె అడగలేదు. ఇంటికొచ్చి ఆర్వో ముందు బంగాళదుంపలు పెట్టి, తనూ తిని, గిన్నెలు కడిగింది. నమ్మనివాళ్ళ ముందు రుజువులు పరుచుకు కూర్చోవడం ఆమెకు చేతకాదు. అప్పుడైనా నోరు విప్పి ఉంటే ఎంత బాగుండేది.

జూన్‌లో ఒక పొద్దున క్రేన్ నిచ్చెన మొదటి మెట్టు మీద ఆమె కుడిచెయ్యి పట్టు వదిలేసింది. మెదడులో నరం చిట్లింది.

పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆమె నాలుక చూడలేదు, ఆ హార్మోన్ల పరీక్ష, ఆపైన స్కానింగ్ చేయించింది. మూత్రపిండం పైనుండే గ్రంథిలో శనగగింజంత గడ్డ బయటపడింది. అది ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్‌ను అవసరానికి మించి విడుదల చేస్తోంది.

"బిళ్ళలు చేసే చెరుపే ఇదీ చేస్తుంది," అని డాక్టరమ్మ ఆర్వోకు చెప్పింది. "కానీ బిళ్ళలు తినేవాళ్ళలో ఈ హార్మోన్ తగ్గిపోతుంది. ఈవిడకు విపరీతంగా ఉంది. ఈ పరీక్ష ముందే చేయించి ఉంటే అప్పుడే తెలిసిపోయేది."

ఆర్వో ఆ పరీక్ష కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేషన్ చేసి గ్రంథిని తీసేశారు. పోటు దిగింది, దాహం పోయింది. కుడిచేతికి పట్టు మాత్రం తిరిగి రాలేదు.

ఇంటికొచ్చాక ఒక సాయంత్రం ఇర్యా ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ అంది. "ఆర్వో, నా కోటు జేబులో పొట్లం తే."

తెచ్చాడు. అప్పుడు చూశాడు దాన్ని సరిగ్గా. మడతలన్నీ నలిగి అరిగిపోయాయి. అంటించిన అంచు మాత్రం ఎక్కడా ఊడలేదు. ఆ అంచును అతను బొటనవేలితో తడిమి చూశాడు.

"విప్పు," అంది ఇర్యా. "నా చెయ్యి బాగుంటే నేనే విప్పుకునేదాన్ని."