ఎత్తిన చెయ్యి దించని ఆర్లిస్

ఆర్లిస్ డెగ్రూట్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఎక్కడ ఏ తప్పు జరిగినా చెయ్యెత్తేస్తుంది. తను చేసిందా, పక్కవాళ్లు చేశారా, అసలు తప్పనేది జరిగిందా అన్న విచారణంతా తర్వాత. ముందు చెయ్యి లేస్తుంది.

బాస్కెట్‌బాల్‌లో ఇది మర్యాదే. ఆ రోజుల్లో ఫౌల్ చేసిన అమ్మాయి తనే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. రిఫరీ ఆ చెయ్యి చూసి ఆమె నంబరు రాయించేవాడు. అయిదు ఫౌళ్లయితే ఆట నుంచి బయటికి. మిగతా పిల్లలు చెయ్యి సగం ఎత్తి, జుట్టు సవరించుకున్నట్టు నటించి దింపేసేవాళ్లు. ఆరడుగుల ఆర్లిస్ మాత్రం బారెడు చెయ్యిని జెండాలా నిలబెట్టేది. వెస్టర్‌బీ కాలేజీ తరఫున నాలుగేళ్లాడి రెండు వేల నూట పదకొండు పాయింట్లు సాధించింది. ఆ చెయ్యి కాస్త ఖాళీగా ఉండి ఉంటే మూడు వేలు దాటేవని ఆమె గదిలోనే ఉంటూ ఆమెతోనే ఆడిన లవోన్ అంటూండేది.

"ఆ చెయ్యి కట్టేసి పంపిస్తానే నిన్ను!" అని కోచ్ రోలండ్ నెత్తి బాదుకునేవాడు.

"నిజమే కోచ్, నాదే తప్పు," అని దానికీ ఎత్తేది.

చదువైపోయింది, అదే ఊళ్లో బడిపంతులమ్మగా స్థిరపడింది, జబ్బు మాత్రం ముదిరింది. చర్చి విందులో ఎవరో తెచ్చిన బంగాళాదుంపల వంటకం అడుగంటి బొగ్గయింది. "ఎవరిదమ్మా ఇది?" అని పాస్టరుగారు అడిగీ అడగకముందే ఆర్లిస్ చెయ్యి లేచింది. ఆవిడ తెచ్చింది జెల్లీ. ఇంకోసారి విత్తనాల వ్యాపారి డువేన్ ఓల్ట్‌మన్ ట్రక్కుని ఎవరో గుద్దిపోయారు. మర్నాడు ఆర్లిస్ వెళ్లి క్షమాపణ చెప్పుకుంది.

"నిన్న నువ్వు ఊళ్లోనే లేవు కదమ్మా, డిమాయిన్‌లో ఉన్నావుగా?" అన్నాడు డువేన్.

"అదే మరి. ఊళ్లో ఉండుంటే ఎవరు గుద్దారో చూసి చెప్పేదాన్ని కదా."

ఇంతటి మనిషికి కాలేజీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరకలేదు. అదేమీ ఇంద్రభవనం కాదు. జిమ్‌లో పాప్‌కార్న్ కొట్టుకీ మరుగుదొడ్లకీ మధ్య ఉన్న గోడ. దాని మీద ముప్పై నాలుగు ఫొటోలు. స్కోరుబోర్డు కొనిచ్చిన శవపేటికల వ్యాపారి హారల్డ్ ఉన్నాడు. మొదటి ఆట మొదటి నిమిషంలోనే కాలు విరగ్గొట్టుకుని, తర్వాత సెనేటరైన పెద్దమనిషి ఉన్నాడు. పదిహేడేళ్లు బాతు వేషం కట్టి జట్టుని ఉత్సాహపరిచినాయన కూడా ఉన్నాడు, బాతు తలతోనే.

కారణం ఎనభై ఆరు నాటి ఫైనల్. రెండు నిమిషాల ఆట ఉంది, వెస్టర్‌బీ ఒక్క పాయింటు ముందుంది. బుట్ట కింద పదిమందీ ఒకరి మీద ఒకరు పడ్డారు. రిఫరీ ఈల ఊదాడు గానీ ఎవరి మీద ఊదాడో ఆయనకే తెలియదు. ఆర్లిస్ చెయ్యెత్తింది. అది ఆమెకి అయిదోది. ఆమె వెళ్లి బెంచి మీద కూర్చుంది, జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. వరదల్నీ వడగళ్లనీ క్షమించిన ఊరు ఆ చెయ్యిని మాత్రం క్షమించలేదు.

ఫొటోలు ఎంపికచేసే అయిదుగురిలో లవోన్ ఒకతె. ఏటా ఆర్లిస్ పేరు చెప్పేది. ఏటా కమిటీ పెద్ద డువేన్ నిట్టూర్చేవాడు. "బంగారం లాంటి మనిషి, కాదనను. కానీ ఎనభై ఆరు..." ఆ మాట దగ్గర లవోన్ కాఫీలో చక్కెర కలుపుతూ కూర్చునేది. ఆవిడ కాఫీలో చక్కెర వేసుకోదు.

ఈ ఏడు డువేన్ కొత్త నిబంధన తెచ్చాడు. ఆట మానేసి ముప్పై ఏళ్లు దాటినవాళ్ల పేర్లు వచ్చే ఏడు నుంచి చూడరు. అంటే ఆర్లిస్‌కి ఇదే ఆఖరుసారి.

"బంగారం లాంటి మనిషి," మొదలెట్టాడు డువేన్. "కానీ ఎనభై ఆరు..."

లవోన్ చెంచా కింద పెట్టింది. "ఆ ఫౌల్ నాది."

డువేన్ కళ్లద్దాలు తీసి ఆవిడ వంక చూశాడు.

"నా మోచెయ్యే అవతలి జట్టు పిల్ల దవడకి తగిలింది. నాకప్పటికే నాలుగు ఫౌళ్లున్నాయి. నేను చెయ్యెత్తేలోపలే ఆర్లిస్ ఎత్తేసింది."

"ముప్పై ఏళ్ల నుంచీ నోరు విప్పలేదేం?" అన్నాడు డువేన్.

"దానికి ఒప్పుకునే జబ్బు, నాకు దాచుకునే జబ్బు. ఏం చెయ్యమంటావ్?"

"మరి ఇకనుంచి ఊరు ఎవర్ని తిట్టుకోవాలి?" అన్నాడు కమిటీలోనే ఉన్న శవపేటికల హారల్డ్, నిజంగానే కంగారుపడుతూ.

"నన్ను తిట్టుకోండి. మా ఇల్లు తెలుసుగా?"

అయిదుకి అయిదు ఓట్లూ ఆర్లిస్‌కే పడ్డాయి. తనకి మొదట్నుంచీ అనుమానంగానే ఉందని డువేన్ నలుగురికీ విడివిడిగా చెప్పాడు.

ఆ వసంతంలో జిమ్‌లో సభ పెట్టారు. ఊరంతా హామ్ శాండ్‌విచ్‌లు తింటూ కూర్చుంది. లవోన్ మైకులో జరిగిందంతా చెప్పింది. చెప్పడం పూర్తికాకుండానే వేదిక మీద బారెడు చెయ్యి లేచింది.

"అబద్ధం! అది నా ఫౌలే!"

"కూర్చోవే! దవడ పగలగొట్టినదాన్ని నాకు తెలీదా?"

"నేను పక్కనే ఉన్నాగా, ఆపొచ్చుగా!"

జనం శాండ్‌విచ్‌లు పట్టుకుని ఘొల్లుమన్నారు. లవోన్ అరచేత్తో మైకు మూసింది. సరిగా మూయలేదు కాబట్టి మిగతాది కూడా అందరూ విన్నారు.

"ఎందుకే అలా చేశావ్? కప్పు పోయింది, ముప్పై ఏళ్లు తిట్లు తిన్నావ్. సిగ్గుతో చచ్చిపోతున్నానే నేను."

ఆర్లిస్ గొంతు తగ్గించింది. "మీ అమ్మ సరిగ్గా అప్పుడే హాలు తలుపు తోసుకుని వచ్చిందే. నీ ఆట చూడ్డానికి రావడం నాలుగేళ్లలో అదే మొదటిసారి. మంచులో ఎంత అవస్థపడి వచ్చిందో ఏమో, కోటు గుండీలైనా విప్పలేదింకా. వచ్చీ రాగానే నిన్ను బెంచి మీద చూపించమంటావా?"

లవోన్ ముక్కు చీదుకుంది. "ఆ రెండు నిమిషాల్లో బంతి రెండుసార్లు వదిలేశాను. మనం ఓడింది నా వల్లే."

"చూశాన్లే. రెండుసార్లూ మీ అమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పాపం, ఆవిడకి ఆట తెలీదుగా!"